గేటు దగ్గర హీరో

కిందటేడు ఒక నవలల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమని అడిగితే సరేనన్నాను. రిటైరయ్యాక చదువుకోవడానికి తీరిక దొరికింది, అదీ ఒక పనే కదా అనుకున్నాను. నా వంతుకి ఏడు రాతప్రతులు వచ్చాయి. వాటిలో నాలుగు ఒకే కథ. రచయిత్రులు వేరు, ఊళ్ళు వేరు, కథ మాత్రం ఒకటే. ఒక నవలలో అమ్మాయి డాక్టరు కావాలనుకుంటుంది, ఇంకో దాంట్లో లాయరు, మరో దాంట్లో విమానం నడపాలనుకుంటుంది, నాలుగో దాంట్లో ఇంజనీరు. కాలం 1920కీ 1950కీ మధ్య. అమ్మాయికి తెలివుంది, మొండితనం ఉంది, నాలుగు నవలల్లోనూ విశాలమైన కళ్ళున్నాయి. ఆమె వెళ్ళాలనుకున్న చోట తలుపు మూసి ఉంటుంది. ఆ తలుపు ముందు ఒక ముసలి మగవాడు నిలబడి ఉంటాడు. అప్పుడు ఒక పడుచు మగవాడు వస్తాడు. మొదట వెటకారం చేస్తాడు, తర్వాత ఆశ్చర్యపోతాడు, తర్వాత ప్రేమిస్తాడు, చివరికి తలుపు తెరిపిస్తాడు. పెళ్ళి. శుభం.

నాలుగో నవల మా విశాఖలోనే నడుస్తుంది. 1933లో హార్బరు ప్రారంభమైన రోజుల్లో మొదలై, 1948 మార్చిలో సింధియా షిప్‌యార్డు నుంచి 'జల ఉష' నీళ్ళలోకి జారిన రోజున ముగుస్తుంది. పోర్టు గుమస్తా కూతురు ఎలక్ట్రికల్ ఇంజనీరు కావాలని కలలు కంటుంది. బొంబాయి నుంచి వచ్చిన యువ ఇంజనీరు ఆమెను రాత్రిపూట దొంగచాటుగా వర్క్‌షాపులోకి తీసుకెళ్ళి లాంతరు వెలుగులో పని నేర్పిస్తాడు. ఓడ దిగేనాడు అందరి ఎదుటా ఆమె చేతికి స్పానర్ అందిస్తాడు. చక్కగా రాసింది ఆ అమ్మాయి. యారాడ కొండ మీద పొద్దు గూకడం, పాత పోస్టాఫీసు వీధి, 1942 ఏప్రిల్లో జపాను బాంబులు పడ్డప్పుడు జనం మూటలతో ఊరు ఖాళీ చెయ్యడం, అన్నీ కళ్ళకు కట్టాయి. రాత్రి రెండింటిదాకా కూర్చుని చదివాను. అబద్ధమెందుకు, ఒకచోట కళ్ళు కూడా తడిశాయి.

పొద్దున్న లేచి దానికి తక్కువ మార్కులు వేశాను. మిగతా ఇద్దరు నిర్ణేతలూ నన్ను అపార్థం చేసుకున్నారు. ప్రేమంటే పడని పాతకాలపు స్త్రీవాది అన్నారు, నవ్వుతూనే. ఆ గదిలో సరిగ్గా చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతాను.

ప్రేమకథలంటే నాకు శత్రుత్వం లేదు. మా తరం ఆడపిల్లలం యద్దనపూడి 'సెక్రటరీ'ని పుస్తకాల మధ్య దాచుకుని చదివినవాళ్ళమే. 1976లో అది సినిమాగా వస్తే ఇంట్లో అబద్ధమాడి వెళ్ళి చూశాను. ఉద్యోగం చేసే ఆడపిల్ల కథానాయిక కావడమే అప్పట్లో మాకు పెద్ద ఊరట. జయంతి ఆత్మాభిమానం మాకెంత ధైర్యమిచ్చిందో ఇప్పుడు నవ్వుకునేవాళ్ళకి అర్థం కాదు. అయితే సెక్రటరీ ఉద్యోగం ఆడవాళ్ళకి మూసేసిన ఉద్యోగం కాదు, ఆడవాళ్ళకే కేటాయించిన ఉద్యోగం. అక్కడ హీరో తెరవాల్సిన గేటేమీ లేదు. ఇప్పుడొస్తున్న చారిత్రక ప్రేమ నవల ఆ పాత బాసునే గేటు దగ్గరికి తీసుకొచ్చి, చేతికి తాళంచెవి ఇచ్చి, దానికి చరిత్ర అని పేరు పెడుతోంది. నా గొడవ ఆ తాళంచెవితోనే.

ఎందుకంటే అసలు చరిత్ర మన దగ్గరే ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకి, చంకలో నాలుగు నెలల కూతురుండగా, భర్త పోయాడు. 1940లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరింది. 1943లో చదువు పూర్తి చేసింది. పట్టా మీద మగవాళ్ళకి వాడే సర్వనామం ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ఆడవాళ్ళది చేత్తో రాసిచ్చారు. మన దేశంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న మొట్టమొదటి ఆడవాళ్ళలో ఒకరైన మన తెలుగామె కథ ఇది. ఇందులో యువ ఇంజనీరు ఎక్కడున్నాడు? వెతకండి.

తలుపు తెరిచినవాళ్ళు ఎవరంటే, ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన అడిగారు, ప్రిన్సిపాల్ చాకో ఒప్పుకున్నారు, విద్యాశాఖ డైరెక్టరు అనుమతించారు. ఇదీ మగవాళ్ళు తెరిచిన తలుపే కదా అని మీరంటారు. నిజమే. తండ్రి ప్రొఫెసరు కాకపోతే లలిత లేదు. ఆ సంగతి దాచకుండా రాయాలనే నేనంటున్నది. అదే కాలేజీకి ప్యూను కూతురు ఒకతె ఉండి ఉంటే, ఆమెకీ అంతే తెలివుంటే, ఏమయ్యేది? ప్రేమ నవల ఈ ప్రశ్న అడగదు. దానికి ఒక్క అమ్మాయి చాలు, ఆమె అసాధారణమైనదైతే చాలు.

లలిత కథలో నాకెంతో ఇష్టమైన భాగం తర్వాత వస్తుంది. వందలమంది మగపిల్లల మధ్య ఒంటరిగా ఉండలేక ఆమె దిగులు పడింది. అప్పుడు కాలేజీ ఆడపిల్లల్ని చేర్చుకుంటామని ప్రకటన ఇచ్చింది. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. హాస్టల్లో తోడు దొరికింది. ఒక్కతే ఉన్నంతకాలం అది వింత, ముగ్గురయ్యాక అది ఒక హాస్టలు. త్రేసియా ఆ తర్వాత కేరళ ప్రజా పనుల శాఖలో చీఫ్ ఇంజనీరు స్థాయికి వెళ్ళింది. ఈ ముగ్గురి మధ్య రాత్రిళ్ళు ఏ మాటలు నడిచి ఉంటాయో ఊహించి రాయొచ్చు కదా! ఒక విధవ, ఇద్దరు మలయాళీ అమ్మాయిలు, బయట ప్రపంచ యుద్ధం. నవలకి ఇంతకన్నా ఏం కావాలి? నేను చదివిన నాలుగు రాతప్రతుల్లోనూ కథానాయికకి ఒక్క స్నేహితురాలు లేదు. ఉన్నా ఆమె పని హీరో ఉత్తరాలు అందించడమే.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందింది. సిమ్లాలో ఉద్యోగం చేసింది. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే పని చేసింది. భాక్రానంగల్ జనరేటర్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకి వెళ్ళింది. కలకత్తాలో తోడబుట్టినవాడి కుటుంబం దగ్గరలో ఉండబట్టే పాపని చూసుకుంటూ ఉద్యోగం చెయ్యగలిగింది. అన్నదమ్ముల ఇళ్ళల్లో ఆ పిల్లకి అన్నం పెట్టి తల దువ్విన వదినా మరదళ్ళ పేర్లు ఏ వ్యాసంలోనూ కనబడవు. మళ్ళీ పెళ్ళి ఎందుకు చేసుకోలేదంటే, ఇంకో ముసలాయనకి చాకిరీ చెయ్యడానికా అన్నట్టు మాట్లాడేదని ఆమె కూతురు చెప్పిన జ్ఞాపకం ఒకటి ఉంది. 1979లో పోయింది. ప్రేమ నవలకి బొత్తిగా పనికిరాని జీవితం!

డాక్టరు నవల రాసినావిడ కూడా విశాఖకి దూరమేమీ కాదు కాబట్టి ఆమెకీ ఒక మాట. మా వన్‌టౌన్‌లో విక్టోరియా ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెబితే రిక్షావాడికి తెలిసేది కాదు, ఘోషాసుపత్రి అనాలి. ఆ పేరులోనే చరిత్రంతా ఉంది. ఆడవాళ్ళు వైద్యంలోకి రావడానికి ముఖ్య కారణం మగ డాక్టరు చెయ్యి తగలకూడని ఘోషా స్త్రీలు చచ్చిపోతుండటం. 1885లో లేడీ డఫరిన్ పేరు మీద నిధి పెట్టింది అందుకే. పరదాని కాపాడటానికి ఆడ డాక్టరు కావలసి వచ్చింది. ఇంజనీరింగ్‌కి అలాంటి అవసరమేదీ పడలేదు. మోటారు ఘోషాలో ఉండదు కదా. అందుకే ఆడ డాక్టర్లు వచ్చిన యాభై అరవై ఏళ్ళకి గానీ ఆడ ఇంజనీరు రాలేదు. ఏ తలుపు ఎప్పుడు, ఎవరి అవసరానికి తెరుచుకుందో తేల్చకుండా చారిత్రక నవల అంటే దానికి చరిత్ర ఎక్కణ్ణించి వస్తుంది? పాత చీరల వర్ణనతోనా?

మరాఠీలో ఎస్.జె. జోషి 1968లో 'ఆనందీ గోపాల్' నవల రాశారు. 2019లో అదే పేరుతో సినిమా వచ్చింది. అమెరికా వెళ్ళి 1886లో డాక్టరైన ఆనందీబాయి కథ. శీర్షికలోనే భర్త పక్కన నిలబడ్డాడు. ఆ భర్త ఆమెని చదివించాడు, నిజం. కొట్టి చదివించాడు, అదీ నిజం. చిన్నతనంలో తిన్న దెబ్బల గురించి ఆమే అమెరికా నుంచి అతనికి రాసింది. ఇరవై రెండేళ్ళు నిండకుండా, ఒక్క రోజు ప్రాక్టీసు చెయ్యకుండా పోయింది. అదే కాలంలో రఖ్మాబాయి ఉంది. పదకొండేళ్ళకి చేసిన పెళ్ళి నాకు పెళ్ళి కాదని కోర్టులో నిలబడింది. కాపురానికి పో, లేదంటే జైలుకి పో అంటే జైలుకే పోతానంది. లండన్‌లో చదువుకుని వచ్చి సూరత్‌లో, రాజ్‌కోట్‌లో దశాబ్దాల పాటు వైద్యం చేసింది. ఈ ఇద్దరిలో నలుగురి నోళ్ళలో ఎక్కువ నానింది ఆనందీబాయే. భర్తతో సహా ఉంది కాబట్టి అని నా అనుమానం.

ఇక పెళ్ళితో ముగించడం గురించి. నాలుగు నవలల్లోనూ ఆఖరి పేజీలో ఉద్యోగం, తాళి ఒకేసారి వస్తాయి. సి.బి. ముత్తమ్మ 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. ఆ సర్వీసు నియమాల్లో, ఆడ ఉద్యోగి పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనీ, పెళ్ళయ్యాక సంసారం ఉద్యోగానికి అడ్డొస్తుందనుకుంటే రాజీనామా చెయ్యమనొచ్చనీ రాసి ఉండేది. పదోన్నతి ఇవ్వకపోతే ఆమె సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నియమాల్ని దుమ్మెత్తిపోశారు. అంటే 1979 దాకా మన దేశంలో అంత పెద్ద ఉద్యోగంలో కూడా పెళ్ళి అనేది కథకి ముగింపు కాదు, ఉద్యోగానికి ముగింపు కాగలిగేది. 1948లో పెళ్ళి పీటల మీద కూర్చున్న ఆ పోర్టు గుమస్తా కూతురు మర్నాడు పొద్దున్న ఏమైంది తల్లీ? ఆ నవల నువ్వు రాయలేదు.

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పకుండా దాటేస్తే నేనెందుకింత కోపంగా ఉన్నానో మీకు తెలియదు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఎనభైల మొదట్లో మా ఊళ్ళో ఒక కర్మాగారంలో చేరాను. పేరొద్దు. చేరిన మూడో రోజు నన్ను డ్రాయింగ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. షాపులో పని కావాలన్నాను. షాపులో పనంటే షిఫ్టులు. ఎ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు, బి షిఫ్టు రెండు నుంచి రాత్రి పది, సి షిఫ్టు పది నుంచి తెల్లారి ఆరు. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం ఆడదాన్ని పొద్దున్న ఆరుకి ముందు, రాత్రి ఏడు తర్వాత పనిలో పెట్టకూడదని ఉండేది. సూపర్‌వైజర్లకీ మేనేజర్లకీ పనిగంటల నియమాలు వర్తించవని 64వ సెక్షన్ మినహాయింపునిచ్చేది, అందులో కూడా ఈ ఒక్క నిషేధాన్ని మాత్రం జాగ్రత్తగా అట్టే పెట్టారు. అంటే ఎంత పై మెట్టుకి వెళ్ళినా నువ్వు ఆడదానివే. షిఫ్టు చెయ్యనివాళ్ళకి షిఫ్టు ఇన్‌ఛార్జి అనుభవం ఉండదు. ఆ అనుభవం లేనివాళ్ళు పదోన్నతి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. నన్నెవరూ అవమానించలేదు. తలుపు ముందు ముసలాడెవడూ నిలబడలేదు. అందరూ ఎంతో మర్యాదగా, అమ్మా, రూలమ్మా, అన్నారు. పదకొండేళ్ళు ఒకే కుర్చీ.

ఈ కథలో హీరో కూడా ఉన్నాడు. అదే నా బాధ. మా ఆయన అదే చోట మెకానికల్‌లో పని చేసేవారు. ప్రేమ పెళ్ళి మాది, కులాలు వేరు. వంట చేసేవారు, పిల్లాడిని చూసుకునేవారు, నా పనంటే నాకన్నా ఆయనకే ఎక్కువ గర్వం. ఒకరోజు నాకు చెప్పకుండా మా పై అధికారి దగ్గరికి వెళ్ళి నా తరఫున మాట్లాడారు. నేను మూడుసార్లు అర్జీ పెట్టినా చూడని మనిషి ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మీ ఆవిడకి ఏం కావాలో చెప్పండి సార్ అన్నాడు. ఆ రోజు నుంచి ఆ సెక్షన్లో నేను ఫలానా ఆయన భార్యని. అంతకుముందు కనీసం నా పేరుతో పిలిచేవారు. నా డ్రాయింగుల్లో తప్పులుంటే ఆయనకి ఫోను చేసి చెప్పేవారు! ఇంటికొచ్చి నేనాయనతో పోట్లాడాను, పెళ్ళయ్యాక అంత పెద్ద గొడవ అదే. ప్రేమకొద్దీ చేశానన్నారు. ప్రేమకొద్దీనే చేశారు. 66వ సెక్షన్ ఆయన ప్రేమని పట్టించుకోలేదు.

దాన్ని పట్టించుకునేలా చేసింది కోర్టుకెక్కిన మిల్లు కార్మికురాళ్ళు. 2000లో వసంత అనే ఆమె వేసిన కేసులో మద్రాసు హైకోర్టు ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమంది. తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అదే దారిలో తీర్పిచ్చింది. ఊరికే నిషేధం ఎత్తేస్తే చాలదు, రాత్రిపూట రవాణా, భద్రత, విశ్రాంతి గది ఉండాలన్న షరతులు కూడా ఆ తీర్పులతోనే చర్చకొచ్చాయి. దారంమిల్లులో పనిచేసే ఆడమనిషి ఇంజనీరు కోసం కొట్లాడలేదు, తన కూలి కోసం కొట్లాడింది. ఆ గేటులోంచి ఇంజనీర్లూ నడిచారు. ఇది ఎవరి నవలలో ఉంది?

ఇంకో సంగతి. మూసేసిన వృత్తి అంటున్నాం కదా, ఎవరికి మూసేసింది? నేను షాపులోకి వెళ్ళకూడదన్న రోజుల్లోనే ఆ షాపులో ఆడవాళ్ళున్నారు. కాంట్రాక్టరు దగ్గర రోజు కూలికి తట్టలు మోసేవాళ్ళు, స్క్రాపు ఏరేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు. అదే క్రేను కింద, అదే వేడిలో, కాళ్ళకి హవాయి చెప్పులతో. తిరిగే యంత్రం దగ్గర ఆడదానికి ప్రమాదమని చట్టం నన్ను కాపాడుతుంటే, ఆ యంత్రం కింద రాలిన మసి ఎత్తేది ఒక అక్క. మల్కాపురం నుంచి వచ్చేది. ఏటమ్మా, మీరు సదూకున్నోళ్ళు గదా, మీకు లోపలికి రాడానికి రూలేటి, మాకు లేదే, అని నవ్వింది ఒకసారి. మా ఊరి హార్బరు తవ్వినప్పుడూ, ఉక్కు ఫ్యాక్టరీ కట్టినప్పుడూ మట్టి మోసిన ఆడవాళ్ళకి ఏ గేటూ మూసుకోలేదు. మూసుకున్నది పే స్కేలు ఉన్న గేటు. ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం, ఓడకి ఉష అని పెట్టుకున్నాం. పేరు పెట్టడానికి ఆడతనం ఎప్పుడూ అడ్డు కాలేదు.

ఫలితాలు వచ్చాక పౌర గ్రంథాలయంలో జరిగిన సభలో ఆ నాలుగో నవల రాసిన అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆమె నవలకి రెండో బహుమతి వచ్చింది, నా మార్కులున్నా సరే. వాళ్ళ నాన్న పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడట. "మేడమ్, మీరు నా నవలకి అడ్డం తిరిగారని విన్నాను. ఒక్కటడుగుతాను. నేను ఎలక్ట్రికల్ తీసుకున్నది ఇంటర్‌లో ఒక ప్రేమ నవల చదివి. దాంట్లో హీరోయిన్ సబ్‌స్టేషన్‌లో పని చేస్తుంది. ఆ హీరో లేకపోతే నేనా పుస్తకం చదివేదాన్నే కాదు. మరి దాన్నేం చేద్దాం?" అంది.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. సిద్ధాంతాలు చదివి ఎవరూ ఇంజనీర్లు కారు. మేము చదివిన 'సెక్రటరీ' మమ్మల్ని ఇంటి బయటికి లాక్కొచ్చినట్టే ఆ పుస్తకం ఈమెని లాక్కొచ్చింది. అయినా ఆ పుస్తకం ఆమెకి గేటు దాకా దారి చూపించి, లోపల ఒక మనిషి ఎదురుచూస్తుంటాడని అబద్ధం చెప్పింది కదా. ఉద్యోగంలో చేరాక ఏమైందని అడిగాను. కాంట్రాక్టు పోస్టు, ఏడాదికోసారి రెన్యువల్, సైటు మీదకి పంపరు, ఎందుకంటే పంపితే కారు ఇవ్వాలి, అంది. హీరో వచ్చాడా అన్నాను. నవ్వింది. ఆ నవ్వులో నా వయసు కనబడింది.

ఐఎన్‌ఎస్‌వి తారిణి మీద 2017లో బయలుదేరి ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల గురించి మాట్లాడుకున్నాం. వాళ్ళలో స్వాతి మా విశాఖ అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. 254 రోజులు, చిన్న తెరచాప పడవ, ఆరుగురు ఆడవాళ్ళు. దాన్ని రాయవచ్చు కదా అన్నాను. దానికి బోలెడంత పరిశోధన కావాలి మేడమ్ అంది. లాంతరు వెలుగులో ప్రేమకి అక్కర్లేదు కదా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. నేను మాత్రం రిటైరయ్యాక ఏం రాశాను?

అచ్చుకి ముందు నవలని ఇంకోసారి దిద్దుతున్నానని పోయిన నెల ఫోను చేసింది. హీరోని తీసెయ్యనంది. తీసెయ్యొద్దన్నాను. అతను ఆమెని రాత్రి వర్క్‌షాపులోకి తీసుకెళ్ళిన మర్నాడు ఎవరి ఉద్యోగం పోయిందో రాయమన్నాను. కాసేపు మాట్లాడలేదు. వాచ్‌మన్‌ది, అంది. తర్వాత, మేడమ్, మీరు చేరినప్పుడు ఆడవాళ్ళకి బాత్రూము ఎక్కడుండేది, అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడ్మినిస్ట్రేషన్ బిల్డింగులో ఉండేదని చెప్పాను. మా డ్రాయింగ్ ఆఫీసు నుంచి నడిస్తే పన్నెండు నిమిషాలు, రైలు పట్టాల మీద వ్యాగన్లు ఆగి ఉంటే ఇరవై. అందుకని పొద్దున్న నీళ్ళు తాగకుండా బయలుదేరేదాన్ని. రాసుకుంటున్నాను, మెల్లగా చెప్పండి, అంది.